ఆకుపచ్చ తలుపుకి వీపు ఆనించి

ఆ కలలో నేను నేల మీద కూర్చుని ఉంటాను. మొజాయిక్ గచ్చు చల్లగా ఉంటుంది. వెనక లేత ఆకుపచ్చ రంగు వేసిన తలుపు, దానికి నా వీపు ఆనించి ఉంటుంది. బయటెక్కడో వాన. కుడి కాలికి చెప్పు ఉంటుంది, ఎడమ కాలికి ఉండదు. పక్కన మూత పెట్టిన స్టీలు గ్లాసులో కాఫీ చల్లారిపోతూ ఉంటుంది, దాన్ని ఎవరూ తాగరు. నేను చేయాల్సిన పని ఒక్కటే, ఆ తలుపు తెరుచుకోకుండా చూడడం. ఎందుకో తెలీదు, తెలుసుకోవాలనీ అనిపించదు. అలా కూర్చోవడంలో ఎంత సుఖం ఉందో చెబితే మీరు నమ్మరు.

నిజానికి నేనలా కుదురుగా కూర్చునే మనిషిని కాను. నా పేరు హైమ. కాకినాడలో ఆడవాళ్ళకి కారు నడపడం నేర్పిస్తాను. పక్క సీట్లో కూర్చుని, నా కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, "కంగారు పడకండి, నేను పక్కనే ఉన్నాను" అని పొద్దస్తమానం చెప్పే ఉద్యోగం నాది. కొత్తగా నేర్చుకునేవాళ్ళందరూ చేసే తప్పు ఒకటుంది. బ్రేకు మీంచి కాలు తీయరు. కారు ఆగి ఉన్నంతసేపూ ఎవరికీ ఏమీ కాదని వాళ్ళ నమ్మకం. నమ్మకం బాగానే ఉంటుంది కానీ ఇంటికి ఎప్పుడు చేరతాం?

ఆ కల మొదలుకాక ముందు నాకు రెండుసార్లు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. మొదటిసారి అయిదో నెలలో. రెండోసారి ఆరో నెల దాటాక, అప్పటికి ఊయల కూడా కొనేశాం. ఆ ఊయలని మా ఆయన శేషు అటక మీద ఎక్కడ దాచాడో నేను అడగలేదు, అతను చెప్పలేదు. కారు కడిగే నెపంతో వెళ్ళి పైపు నీళ్ళ చప్పుడులో ఏడ్చేవాడు. మూడోసారి కడుపు నిలిచినప్పుడు సంతోషం కంటే ముందు భయం వచ్చింది. ఎవరైనా శుభాకాంక్షలు చెబితే కొట్టాలనిపించేది.

అప్పుడు మా వదిన, "ఒకసారి నా ల్యాబుకి రా హైమా" అంది.

వదినంటే శేషు అక్క, డాక్టర్ నీరజ. సముద్రం వైపున్న ఒక ఆడవాళ్ళ ఆసుపత్రిలో పై అంతస్తులో ఆమె ల్యాబు. పేరుకి డాక్టరే గానీ ఆమె నాడి పట్టి చూసిన రోగి ఒక్కరూ లేరు, గాజు గొట్టాలతోనే ఆమె కాపురం. భర్త ఓడల్లో ఇంజనీరు, ఏడాదిలో సగం నీళ్ళ మీదే ఉంటాడు. తొమ్మిదేళ్ళ కింద వదినకి కూడా నెలలు నిండకుండానే కాన్పయింది. ఆమె మత్తులోంచి లేచేలోగా అంతా అయిపోయింది. "చూస్తే ఇక మరిచిపోదు, చూపించొద్దు" అని మా అత్తయ్య వరహాలమ్మగారే తీర్మానించి, బిడ్డని పూడ్చడానికి పంపించేశారట. ఇదంతా శేషు చెబితే తెలిసిందే. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

అందులో విడ్డూరం ఏమిటంటే, మా చుట్టాల్లో ఏ బిడ్డ పుట్టినా అత్తయ్య మొదట అడిగే మాట, "ఎవరి పోలిక?" బరువు తర్వాత, ఆడో మగో కూడా తర్వాతే. పొత్తిళ్ళలో గుడ్డుని ఇలా అందుకుని అలా చూసి, ముక్కు ఫలానా తాతది, చెవులు ఫలానా మేనత్తవి అని తేల్చేస్తారు. ఆవిడ తీర్పుకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. ఆ ఒక్క బిడ్డ విషయంలో మాత్రం ఆవిడ నోట ఏ మాటా రాలేదు.

ల్యాబులో వదిన నన్నొక గాజు గొట్టం ముందు నిలబెట్టింది. గొట్టం నిండా గోరువెచ్చని నీళ్ళు, అందులో సన్నగా బుడగలు. మధ్యలో సగం అగ్గిపుల్లంత లేత గులాబీ రంగు పోగు ఒకటి, పైనా కిందా పట్టుదారంతో ముడివేసి వేలాడదీశారు. గొట్టం మీద ఏడు అంకె రాసి ఉంది.

"ఏంటిది వదినా, చేప ముక్కా?"

"గర్భసంచి కండ. సిజేరియన్ చేసేటప్పుడు, తల్లి ఒప్పుకుంటే, కోత పక్కన చిన్న పోగు తీసుకుంటాం."

నేను చూస్తుండగానే ఆ పోగు దానంతటదే ముడుచుకుంది. కాసేపు బిగిసి ఉండి, మెల్లిగా వదులైంది.

"ఒంట్లోంచి వేరుచేసినా దానికి తెలీదు" అంది వదిన. "నొప్పులు పడుతూనే ఉంటుంది."

తర్వాత సూక్ష్మదర్శినిలో వేరే పోగు చూపించింది. చీకట్లో ఆకుపచ్చ చుక్కలు పుట్టి ఆరిపోతున్నాయి. ఒకటి వెలిగితే పక్కది వెలిగి, ఆ వెలుగు అలలా సాగిపోతోంది. నేను కన్ను తీయలేకపోయాను.

"ఏంటండీ ఈ మెరుపులు?"

"సున్నం."

"అత్తయ్య కిళ్ళీలో రాసుకునేదా?"

వదిన నవ్వింది. ఆమె నవ్వడం అరుదు. "ఆ కుటుంబమే. కాల్షియం. కణం లోపల చిన్న చిన్న గదులుంటాయి, వాటినిండా అదే నిల్వ ఉంటుంది. ప్రతి గదికీ తలుపులు. ఒక తలుపు తెరుచుకుంటే ఒక మెరుపు, అది తగిలి పక్క తలుపూ తెరుచుకుంటుంది. అన్నీ ఒక్కసారి తెరుచుకుంటే కండ ముడుచుకుంటుంది. మనం నొప్పి అనేది దాన్నే. నీ తలుపులు తొందరపడుతున్నాయి హైమా, అంతే. నీ తప్పేమీ లేదు."

నీ తప్పేమీ లేదని అంతవరకూ నాకెవరూ చెప్పలేదు. అక్కడే నిలబడి ఏడ్చాను. వదినకి ఓదార్చడం చేతకాదు. ఒక దూది ముక్క తెచ్చి చేతిలో పెట్టింది.

ఆమె కనిపెట్టింది ఒక పట్టీ. పొత్తికడుపు మీద మెత్తగా అతుక్కుని ఉంటుంది. దానికి కాగితాల మీద పొడవాటి పేరేదో ఉంది గానీ ఆసుపత్రి ఆయాలు జోల పట్టీ అనేశారు, అదే స్థిరపడింది. కడుపులో తలుపులు తొందరపడగానే పట్టీ ఆ అలజడిని పసిగట్టి, ఫోను ద్వారా ల్యాబులో ఉన్న ఏడో నంబరు పోగుకి అందిస్తుంది. పోగు దానికి బదులు చెబుతుంది. ఆ బదులు చెవికి వినపడని సవ్వడిగా మారి తిరిగి మన కడుపుకి చేరుతుంది. తెరుచుకోబోయిన తలుపులు మూసుకుంటాయి. ఆ సవ్వడిని యంత్రంతో తయారుచేద్దామని ఎంతో చూశారట, ఏ కడుపూ వినలేదు. కండ మాట కండే వింటుంది. మిగతా పోగులన్నీ ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోయేవి. ఈ ఏడో నంబరొక్కటే, వదిన తయారుచేసిన నీళ్ళలో, ఏళ్ళ తరబడి బతికే ఉంది.

"ఎవరిది వదినా ఇది?" అనడిగాను.

"ఎవరిదో. పాతది" అని, చేతులు కడుక్కోవడానికి కుళాయి వైపు తిరిగింది.

పట్టీ కట్టుకున్న మొదటి మధ్యాహ్నమే ఆ కల వచ్చింది. ఆ తర్వాత ఏ కాస్త కునుకు పట్టినా అదే తలుపు, అదే వాన. నిద్ర లేచాక కూడా ఆ చల్లదనం వీపుకి అంటుకునే ఉండేది. అయిదో నెల దాటింది. ఆరో నెల దాటింది. ఊపిరి బిగపట్టుకుని ఉన్నది శేషూ, అత్తయ్యా. నేను మాత్రం నింపాదిగా ఉన్నాను. కారు హారను వినిపిస్తే ఎక్కడో వేరే ఊళ్ళో మోగినట్టుండేది. బాల్కనీలో కూర్చుని బట్టల తీగ మీద చీర ఊగడం చూస్తే ఒక పూట గడిచిపోయేది. ఎడమ కాలి చెప్పు విడిచేసి ఇల్లంతా తిరుగుతున్నానని శేషు చెబితే గానీ గమనించలేదు.

"నిన్ను ఇలా చూడ్డం బానే ఉంది గానీ, కాస్త తిట్టవే. ఇల్లు ఇల్లులా లేదు" అన్నాడతను.

"మీరే తిట్టుకోండి" అన్నాను. తిట్టాలని కూడా అనిపించలేదు.

పరీక్షలకి వెళ్ళినప్పుడు నూకరత్నంతో స్నేహమైంది. ఉప్పాడలో చీరలు నేస్తుంది, నాకులాగే రెండుసార్లు పోగొట్టుకుంది, నాతోపాటే పట్టీ కట్టుకుంది. బల్ల మీద పక్కపక్కన కూర్చుని పిలుపు కోసం ఎదురుచూస్తుంటే, ఆమె ఉన్నట్టుండి అంది:

"హైమక్కా, ఓ మాటడుగుతాను నవ్వకండేం. మీకు కలలేవైనా వత్తన్నాయాండీ?"

"ఎలాంటివి?"

"తలుపండి. పచ్చ తలుపు. మా ఇంట్లో అలాంటిది లేదండి, మా వోళ్ళ ఇళ్ళల్లోనూ లేదు. దానికి జారబడి కూకుంటాను. ఓ కాలికి చెప్పుండదు."

"పక్కన కాఫీ గ్లాసు ఉంటుందా?"

నూకరత్నం నా మొహంలోకి చూసింది. నెమ్మదిగా తన చెయ్యి నా చేతి మీద వేసింది. అప్పుడైనా నేను భయపడాల్సింది. కానీ ఒకే కలని ఇద్దరం పంచుకోవడం ఎంత బాగుందో అనుకున్నాను. వదినకి చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

నెలలు నిండాయి. ఇక పట్టీ అక్కర్లేదని తీసేశారు. అటక మీంచి ఊయల దిగింది, అత్తయ్య దాన్ని కడిగి ఎండబెట్టారు. అందరం నొప్పుల కోసం ఎదురుచూశాం. నొప్పులు రాలేదు. డాక్టరు చెప్పిన తేదీ వచ్చి వెళ్ళిపోయింది. పట్టీ లేకపోయినా కల మాత్రం వస్తూనే ఉంది.

కాన్పుల డాక్టరు జమీలాగారు నన్నూ నూకరత్నాన్నీ ఒకే గదిలో చేర్చుకుని, నొప్పులు రావడానికి సెలైన్‌లో మందు ఎక్కించారు. ఎంత ఎక్కించినా మా ఇద్దరి కడుపులూ ఉలకలేదు పలకలేదు. జమీలాగారు శేషుని పక్కకి పిలిచి చెబుతుంటే, తలుపు ఓరగా ఉండడం వల్ల నాకు వినపడింది.

"కోసి బిడ్డని తీయడం కష్టం కాదండీ. తీశాక కడుపు ముడుచుకోవాలి. ముడుచుకుంటేనే రక్తనాళాలు నొక్కుకుని నెత్తురు ఆగుతుంది. ఇవి ముడుచుకునేలా లేవు. అప్పటికప్పుడు గర్భసంచి తీసేయొచ్చు, కానీ ఆలోగా మనిషి చేతిలో ఉంటుందని మాటివ్వలేను."

"ఇంకొన్నాళ్ళు ఆగితేనో?" అన్నాడు శేషు.

"బిడ్డకి ఉమ్మనీరు తగ్గిపోతోంది. రేపటికి మించి ఆగలేం."

ఈ మాటలు విని కూడా నాకు భయం వేయలేదు. లోపల బిడ్డ ఉంది, తలుపు మూసి ఉంది, అంతా క్షేమంగా ఉంది అనిపించింది. అలా అనిపించినందుకు ఆలస్యంగా, ఎంతో దూరం నుంచి, భయం వేసింది. నా కాలు బ్రేకు మీద ఉంది. దాన్ని తీయడం నాకు చేతకావడం లేదు.

"వదిన్ని పిలవండి" అన్నాను శేషుతో. "కాదు, నన్నే పైకి తీసుకెళ్ళండి."

చక్రాల కుర్చీలో నన్ను ల్యాబుకి తోసుకెళ్ళి, శేషు బయట నిలబడ్డాడు. కిటికీలోంచి సాయంత్రపు వెలుగు, దూరంగా సముద్రం. వదిన గొట్టం ముందు కూర్చుని ఉంది. ఆమె మొహం పీక్కుపోయింది.

"కింద మీ ఇద్దరికీ ఎక్కిస్తున్న మందు దీని నీళ్ళలో కూడా వేసి చూశాను" అంది నా వైపు తిరగకుండా. "కదల్లేదు. ఇప్పుడు ఇది నొప్పులు పడ్డం కూడా మానేసింది. ఎందుకో అర్థం కావట్లేదు హైమా. శాంతంగా ఉండడం నేర్పమన్నాను గానీ, ఇలా కాదు."

అప్పుడు చెప్పాను. మొజాయిక్ గచ్చు, వాన, ఆకుపచ్చ తలుపు. వదిన ముందు పరధ్యానంగా విన్నది. ఎడమ కాలికి చెప్పు లేదన్నప్పుడు తలెత్తింది. మూత పెట్టిన కాఫీ గ్లాసు దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంది.

"నూకరత్నానికీ ఇదే కల" అన్నాను. "ఎక్కడిది వదినా ఆ తలుపు?"

వదిన నేల వైపు చూస్తూ చెప్పింది.

"పాత ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్‌ది. ఆరో నెల, నొప్పులు ఆగట్లేదు. లోపలికి తీసుకెళ్తామన్నారు. లోపలికెళ్తే బిడ్డని తీసేస్తారు, తీస్తే బతకదు. నాకు తెలుసు కదా, నేను డాక్టర్ని. మంచం దిగి పరిగెత్తి ఆ తలుపుకి అడ్డంగా కూర్చున్నాను. చెప్పు ఎక్కడో జారిపోయింది. ఇంకా వద్దు, ఇంకా వద్దు అని ఒకటే మాట. అమ్మ కాఫీ తెచ్చి పక్కన పెట్టింది, తాగలేదు. చివరికి ఎత్తుకుని తీసుకెళ్ళారు."

గొట్టం వైపు చూసింది.

"కొయ్యబోయే ముందు నేనే అడిగాను, ఒక పోగు తీసి నాకు ఉంచమని. నా బిడ్డని పట్టుకున్న కండ అది. దానికి తెలిసిన చివరి సంగతి అదే హైమా. తలుపు తెరవకూడదని. దాన్నే మీ అందరికీ నేర్పింది."

ఏడో నంబరు నీళ్ళలో కదలకుండా వేలాడుతోంది. నాకు దాని మీద కోపం రాలేదు. పాపం అనిపించింది. తొమ్మిదేళ్ళుగా ఆ గచ్చు మీదే కూర్చుని ఉంది.

అంతలో వదిన ఫోను మోగింది. ఇంటి నుంచి అత్తయ్య. వదిన ఫోను నా చేతికిచ్చింది, స్పీకరు నేనే నొక్కాను.

"నీరజా, ఇంట్లో అన్నీ తీసేశానే" అన్నారు అత్తయ్య ఆయాసపడుతూ. కాన్పు కష్టమైతే ఇంట్లో ఉన్న తాళాలన్నీ తీసి, ముళ్ళన్నీ విప్పడం ఆవిడ పుట్టింటి ఆచారం. "బీరువా తీశాను, ట్రంకు పెట్టెలు తీశాను. ఆవకాయ జాడీలకి కట్టిన వాసెన గుడ్డలు విప్పేశాను, బూజు పడితే పట్టనీ. బట్టల తీగ విప్పాను, శేషుగాడి బూట్ల లేసులు కూడా విప్పాను. జుట్టు విరబోసుకుని కూర్చున్నాను, పాలవాడు జడుసుకున్నాడు. అయినా రాలేదా నొప్పులు?"

"రాలేదమ్మా."

"అయితే ఎక్కడో ఒకటి మిగిలుంటుంది. అక్కడ నీ దగ్గర ఏవైనా మూసినవీ ముడేసినవీ ఉంటే విప్పెయ్యవే. నీకు నమ్మకం లేదని తెలుసు. నా కోసం విప్పు."

వదిన చూపు గొట్టంలో పైనా కిందా ఉన్న పట్టుదారం ముళ్ళ మీద ఆగిపోయింది.

ఫోను పెట్టేశాక నెమ్మదిగా అంది. "నేర్పింది అదే కాబట్టి, మరిపించాల్సిందీ అదే. ఒక్కసారి దాని తలుపులన్నీ తెరుచుకుంటే, ఆ సవ్వడి మీ పట్టీల్లోకి వస్తుంది. మందుకి కదల్లేదు. దానికి నా ఒళ్ళు తెలుసు. నేను పట్టీ కట్టుకుంటే వింటుందేమో."

"మరి ఆలోచిస్తున్నారేం?"

"ఇంత పాత పోగు. ఒకసారి అన్ని గదులూ ఖాళీ చేసుకుంటే మళ్ళీ నింపుకోలేదు." గాజు మీద వేలు ఆనించింది. "ఇదొక్కటే మిగిలింది హైమా. బిడ్డ ఫోటో కూడా లేదు నా దగ్గర."

నా బిడ్డ కోసం మీ బిడ్డ తాలూకు మిగిలిన ఒక్కదాన్నీ వదులుకోమని ఏ నోటితో అడగను? నేను అడగలేదు. ఆమే లేచి, బీరువాలోంచి రెండు పట్టీలు తీసింది. ఒకటి నాకు కట్టింది, ఒకటి తను కట్టుకుంది. కిందికి ఫోను చేసి నూకరత్నానికి కూడా కట్టమంది. తర్వాత నేల మీద చాప పరిచి, నన్ను పడుకోబెట్టి, నా పక్కన తనూ పడుకుంది.

"ఆ పోగుకి జోల పాడానేమో ఇన్నాళ్ళూ" అంది కళ్ళు మూసుకుంటూ. "లేపడం ఎలాగో తెలీదు."

వాన పడుతోంది. గచ్చు చల్లగా ఉంది. కానీ ఈసారి నా రెండు కాళ్ళకీ చెప్పులున్నాయి, నేను తలుపుకి కాస్త పక్కగా ఉన్నాను. తలుపుకి ఆనుకుని ఉన్నది వదిన. వయసు చాలా తక్కువగా ఉంది, జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది. రెండు చేతులూ కడుపు మీద వేసుకుని, అవతలి గోడని చూస్తోంది.

"ఇంకా వద్దు" అంది. "ఇంకా నెలలు నిండలేదు."

"నిండాయి వదినా" అన్నాను.

"తెరిస్తే పోతుంది."

ఆ చల్లని సుఖం నన్నూ లాగుతోంది. ఇద్దరం ఇలాగే కూర్చుండిపోతే ఏం పోయింది అనిపించింది. అప్పుడు నా కడుపులో బిడ్డ బలహీనంగా ఒక్కసారి తన్నింది. నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది. స్టీరింగు పట్టుకుని వణికేవాళ్ళతో మాట్లాడే గొంతు తెచ్చుకున్నాను.

"పోయింది వదినా. తొమ్మిదేళ్ళయింది. మీరింకా బ్రేకు తొక్కి పట్టుకునే ఉన్నారు. కాలు తీయండి. మెల్లిగానే. నేను పక్కనే ఉన్నాను."

ఆ మాట అన్నందుకు నన్ను నేనే అసహ్యించుకున్నాను. వదిన నా వైపు తిరిగి చూసింది. తర్వాత గోడ పట్టుకుని లేచింది. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తగా, తలుపు వైపు తిరిగి, రెండు అరచేతులూ దాని మీద పెట్టి తోసింది.

లోపల థియేటర్ లేదు, నర్సులు లేరు, దీపాలు లేవు. వాన వెలిసిన తర్వాత వచ్చే వెలుగు మాత్రం ఉంది. వదిన గుమ్మంలో నిలబడి అటూ ఇటూ వెతికింది.

"ఎవరూ లేరేంటి హైమా?" అంది.

పాపం ఆ కండకి మాత్రం ఏం తెలుసు. బిడ్డ మొహం అది చూడలేదు. నేను ఆమె దగ్గరికి వెళ్దామని లేవబోయాను. అప్పుడే నడుం దగ్గర ఎక్కడో మొదలై, రెండు పక్కల నుంచీ వచ్చి ముందు కలుసుకుని, నన్ను పట్టుకుని బిగించింది. కలలు కనే తీరిక లేని నొప్పి. కళ్ళు తెరిచి గట్టిగా అరిచాను. ఆ అరుపుకి శేషు తలుపు తోసుకుని వచ్చేశాడు.

గాజు గొట్టంలో ఏడో నంబరు ముడుచుకుపోతోంది. అంత బిగువుగా అది ముడుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు, పై దారం కట్టిన కొక్కెం వంగింది. కింద అంతస్తులో నూకరత్నం గొంతు వినపడింది, "ఓలమ్మో వచ్చేత్తందండీ" అని. వదిన లేచి గొట్టం దగ్గరికి వెళ్ళి, గాజుకి ఇవతల నుంచి దాని మీద చెయ్యి ఆనించింది. పోగు అలా బిగిసి, బిగిసి, నెమ్మదిగా వదులైంది. మళ్ళీ ముడుచుకోలేదు.

నన్ను కిందికి తోసుకెళ్తుంటే వెనక్కి తిరిగి చూశాను. వదిన నీళ్ళలో వేళ్ళు ముంచి, పట్టుదారం ముళ్ళు ఒక్కొక్కటే విప్పుతోంది.

నూకరత్నానికి కొడుకు, నాకు కూతురు. కడుపులు ముడుచుకోవాల్సినట్టే ముడుచుకున్నాయి. తెల్లారేసరికి అత్తయ్య ఇంకా జుట్టు విరబోసుకునే, ఫ్లాస్కుతో కాఫీ పట్టుకుని వచ్చారు. వస్తూనే బిడ్డని అందుకున్నారు. శేషూ నేనూ ఆవిడ తీర్పు కోసం ఎదురుచూశాం. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ముక్కు చూసి, చెవులు చూసి, నోరు తెరవబోయారు.

గుమ్మంలో వదిన నిలబడి ఉంది. గుప్పిట్లో తడి దూది ముక్క. అందులో ఏముందో నాకు తెలుసు, అత్తయ్యకి తెలీదు.

"అమ్మా" అంది వదిన. "నాది ఎవరి పోలికే?"

శేషు తల దించుకున్నాడు. అత్తయ్య నా బిడ్డని నాకిచ్చేసి, స్టూలు మీద కూర్చున్నారు. ఇంట్లో ఉన్న తాళాలన్నీ తీసిన మనిషికి ఇది తీయడం ఎంత కష్టమైందో ఆ మొహం చూస్తే తెలిసింది.

"నీ పోలికే" అన్నారు చివరికి. "ముక్కు నీదే. గెడ్డం మీ ఆయనది. జుట్టు ఇంత ఒత్తుగా ఉంది. ఎడం చెయ్యి గుప్పిట మూసుకుంటే, తెరుద్దామని నా వేలు పెట్టాను. పట్టుకుంది."

"బతికే ఉందా అప్పటికి?"

"కాసేపు. నా ఒళ్ళోనే ఉంది. నువ్వు లేచేదాకా ఉంటుందేమోనని చూశాను." అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకున్నారు. "చూపించాల్సింది. నా బుద్ధి గడ్డి తిని చూపించలేదు. నువ్వు మరిచిపోతావనుకున్నాను. నేనే మరిచిపోలేదు."

వదిన వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర, గచ్చు మీద కూర్చుంది. తల తల్లి మోకాళ్ళకి ఆనించింది. అత్తయ్య చెయ్యి ఆమె జుట్టులోకి వెళ్ళింది. అలా ఇద్దరూ ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. నా కూతురు మాత్రం హాయిగా నిద్రపోయింది.

కొంతసేపటికి అత్తయ్య ఫ్లాస్కులోంచి స్టీలు గ్లాసులోకి కాఫీ వంచి, అలవాటు కొద్దీ మూత పెట్టి, వదిన పక్కన నేల మీద పెట్టారు.

వదిన మూత తీసి, వేడిగా ఉండగానే తాగింది.